లెన్స్ మీద ఉండే 1.56, 1.61, 1.67 నంబర్లు, టెన్త్ బుక్కుల వక్రీభవన గుణకం ఒకటేనా? ఎక్కువ నంబర్‌కు ఎక్కువ పైసలు పెట్టొచ్చా?

నల్గొండ నుంచి ఒక అన్న అడిగిండు. బాబు టెన్త్ చదువుతుండు, రెండు కండ్లకు మైనస్ 6 వచ్చింది, షాపుల 1.56, 1.61, 1.67 అని మూడు రకాల లెన్సులు చూపెట్టి మూడు రేట్లు చెప్పిండ్రంట, బాబేమో ఇంటికొచ్చి ఫిజిక్స్ బుక్ తీసి ఇదే నంబర్ మా పాఠంల ఉంది, వక్రీభవన గుణకం అంటరు అన్నడంట. ఇప్పుడు ఆయన డౌట్లు ఏందంటే, రెండూ ఒకటేనా, నంబర్ పెద్దగుంటే చూపు ఇంకా మంచిగుంటదా, 1.67 కి అన్ని పైసలు పెట్టుడు అవసరమా. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివి ఆప్టికల్స్ లైన్లకి వచ్చినోణ్ణి, పాలమూరుల లెన్సులు కోసుడు, ఫ్రేములల్ల ఫిట్టింగ్ చేసుడే నా పని. కొంచెం పొడుగ్గనే చెప్తా, ఓపికతోటి చదవండి అన్నా, ఎందుకంటే ఈ ముచ్చట సగమే తెలిస్తే పైసలు పోతయి, పిల్లగాని ముక్కు మీద బరువు మాత్రం అట్లనే ఉంటది.

ముందుగాల సూటిగ జవాబులు. రెండూ ఒకటే, బాబు కరెక్ట్‌గ పట్టిండు, షాపుల ఇండెక్స్ అనేది బుక్కుల వక్రీభవన గుణకమే. నంబర్ పెద్దదైతే పవర్ మారదు, 1.50 లెన్స్‌ల మైనస్ 6 అంటే మైనస్ 6 యే, 1.74 ల కూడ అదే మైనస్ 6. చూపు కూడ పెరగదు, ఇంకా చెప్పాల్నంటే కొన్ని విషయాలల్ల పెద్ద నంబర్ లెన్స్ ఒక మెట్టు తక్కువే, అది కింద చెప్తా. మారేది అంచు మందం. ఆ మందం కూడ ఇండెక్స్ కన్నా మీరు ఏరుకునే ఫ్రేమ్ సైజు మీదనే ఎక్కువ ఆధారపడి ఉంటది. కౌంటర్ మీద ఈ మాట చెప్పేటోళ్ళు తక్కువ, అందుకే ఇంత రాస్తున్న.

ఇగ ఆ నంబర్ అంటే ఏందో చూద్దాం. కాంతి శూన్యంల సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోతది, లెక్కకు 3 లక్షలు అనుకోండి. ఏ వస్తువుల దూరినా ఆ స్పీడు తగ్గుతది. ఎన్ని రెట్లు తగ్గింది అనేదే ఈ నంబర్. నీళ్ళకు 1.33, అంటే నీళ్ళల్ల కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల 25 వేల కిలోమీటర్లే పోతది. మామూలు ప్లాస్టిక్ లెన్స్ 1.50, అందుల 2 లక్షలు. 1.67 లెన్స్‌ల 1 లక్షా 80 వేల దరిదాపు. వజ్రం 2.42, అందుల 1 లక్షా 24 వేలే. గాలి 1.0003, అంటే గాలిల తగ్గుడు లేనట్టే, అందుకే బుక్కులల్ల గాలికి 1 అని రాసేస్తరు. ఒక స్పీడును ఇంకో స్పీడుతోటి భాగిస్తున్నం కాబట్టి దీనికి యూనిట్ ఉండదు, బాబుకు ఒక మార్కు ప్రశ్నల ఇది వస్తది.

ఎందుకు తగ్గుతది అనేది టెన్త్ బుక్కుల పెద్దగ చెప్పరు, కానీ తెలుసుకుంటే లెన్సుల సంగతి మొత్తం విడిపోతది. కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగం కదా, అది లోపలికి రాంగనే ఆ పదార్థంల ఉన్న ఎలక్ట్రాన్లను ఊపుతది. ఊగే ఎలక్ట్రాన్లు మళ్ళ అదే రంగు కాంతిని విడుస్తయి, కాకపోతే కొంచెం వెనకబడి. వచ్చిన తరంగం, వెనకబడ్డ ఈ తరంగాలు అన్ని కలిస్తే మొత్తం తరంగం మెల్లగ నడిచినట్టు అయితది. దాంట్ల పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యం తగ్గుతది, అందుకే ఎర్ర కాంతి నీళ్ళల్లకి పోయినా ఎరుపే. ఏ పదార్థంల ఎలక్ట్రాన్లు సుళువుగ ఊగుతయో దాని గుణకం ఎక్కువ ఉంటది. సీసం కలిపిన గాజుకు ఎక్కువ ఉండేది అందుకే. మన హై ఇండెక్స్ ప్లాస్టిక్‌లల్ల సీసం ఉండదు, గంధకం ఉంటది, గంధకం అణువుల ఎలక్ట్రాన్లు సుళువుగ ఊగుతయి. 1.67 లెన్స్‌ను ఎడ్జింగ్ మిషన్ మీద పెట్టి అంచులు కోస్తుంటే గంధకం కంపు గుప్పున కొడ్తది, 1.50 లెన్స్ కోస్తే ఆ వాసన రాదు. మిషన్ కాడ నిలబడ్డోనికి బుక్కు తెరవకుండనే ఏ మెటీరియల్ కోస్తున్నడో ముక్కు చెప్తది.

స్పీడు తగ్గితే వంగుడు ఎందుకంటే, తారు రోడ్డు మీద పోయే ట్రాక్టర్ ఏటవాలుగ కరిగెట చేసిన మడిల దిగిందనుకోండి, ముందుగాల బురదల పడ్డ చక్రం మెల్లగైతది, ఇంకా రోడ్డు మీద ఉన్న చక్రం అదే స్పీడు మీద ఉంటది, బండి బురద దిక్కు తిరిగిపోతది. సీదాగ దిగితే రెండు చక్రాలు ఒకేసారి మెల్లగైతయి, బండి తిరగదు. కాంతి కూడ అంతే, లంబంగ పడితే వంగకుండ పోతది, ఏటవాలుగ పడితే లంబం దిక్కు వంగుతది. ఎంత వంగుతది అనే లెక్కే స్నెల్ నియమం, పతన కోణం సైన్‌ను వక్రీభవన కోణం సైన్‌తోటి భాగిస్తే వచ్చేది ఆ గుణకమే. 45 డిగ్రీలల్ల కాంతిని పంపితే నీళ్ళల్ల అది 32 డిగ్రీలకు వస్తది, 1.50 ప్లాస్టిక్‌ల 28 కి, 1.67 ల 25 కి. తేడా చిన్నగ కనిపిస్తది కానీ కళ్ళద్దాలల్ల ఆ మూడు డిగ్రీలకే పైసలు కడ్తున్నరు మీరు.

ఈ నియమం స్నెల్ పేరు మీద ఉన్నది, నెదర్లాండ్స్ ఆయన, 1621 ల కనిపెట్టిండు, కానీ అచ్చు వేయించలే. డెకార్ట్ 1637 ల పుస్తకంల పెట్టిండు. వాళ్ళ కన్నా ఆరు వందల ఏండ్ల ముందే, 984 దగ్గర్ల, బాగ్దాద్‌ల ఇబ్న్ సహ్ల్ అనే ఆయన కాంతిని ఒక్క బిందువుకు తెచ్చే లెన్సుల గురించి రాస్తూ ఇదే లెక్క బొమ్మల రూపంల వాడిండు. ఆ మనిషి పేరు మన పిల్లల బుక్కులల్ల కూడ ఉంటే బాగుండు అని నాకు గట్టిగ అనిపిస్తది, కళ్ళద్దాల పని చేసే నాలాంటోడు ఆయనకు చాన రుణపడి ఉన్నడు. ఇంకో సంగతి, నీళ్ళల్ల కాంతి స్పీడు పెరుగుతది అని న్యూటన్ కాలంల ఆయన దిక్కు వాళ్ళు వాదించిండ్రు, తగ్గుతది అని తరంగం వాదపోళ్ళు. ఫ్రాన్స్‌ల ఫూకో 1850 ల తిరిగే అద్దం పెట్టి కొలిచి తగ్గుతది అని తేల్చిండు. అంటే వంగుడు లెక్క ముందుగాల వచ్చింది, స్పీడు కొలిచి రుజువు చేసుడు రెండు వందల ఏండ్ల తర్వాత.

బాబుకు ఇంకొకటి గట్టిగ చెప్పండి, బరువైన పదార్థంలనే కాంతి ఎక్కువ వంగుతది అనుకోవద్దు. నూనె నీళ్ళ మీద తేలుతది, అంటే నీళ్ళ కన్నా తేలిక, కానీ పల్లీ నూనె గుణకం 1.47 దాకా ఉంటది, నీళ్ళది 1.33. కిరోసిన్ కూడ తేలిక, దానిది 1.44. లెన్సులల్ల కూడ ఇదే కథ, 1.50 ప్లాస్టిక్ ఒక ఘనపు సెంటీమీటర్ 1.32 గ్రాములు, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ ఇండెక్స్ 1.59 దాకా ఉన్నా 1.20 గ్రాములే. 1.67 దాదాపు 1.35 గ్రాములు, 1.74 అయితే 1.47. అంటే పెద్ద నంబర్ మెటీరియల్ తేలిక అని చెప్పే మాట నిజం కాదు, మెటీరియల్ తక్కువ పడుతది కాబట్టి లెన్స్ తేలికైతది, రెండింటికి తేడా ఉన్నది.

ఇప్పుడు అసలు లెక్క. లెన్స్ పవర్ అనేది ఇండెక్స్‌ల నుంచి 1 తీసేస్తే మిగిలే దాని మీద, రెండు దిక్కుల వంపుల మీద ఆధారపడి ఉంటది. ఎందుకు 1 తీసేస్తరు అంటే చుట్టూ ఉన్న గాలి 1 కాబట్టి, వంగుడు గాలికి ప్లాస్టిక్‌కు ఉన్న తేడా మీద జరుగుతది. అంటే 1.50 కి పని చేసేది 0.50, 1.67 కి 0.67. ఒకటే మైనస్ 6 తేవాలంటే 1.67 ల వంపు నాలుగోవంతు తక్కువ సరిపోతది. 1.56 కి 0.56, అంటే పదకొండు శాతం దాకా తగ్గుతది అంతే. చాన మంది 1.56 ని హై ఇండెక్స్ అని అమ్ముతరు, అది మధ్యస్తం. మైనస్ 2, మైనస్ 3 వాళ్ళకు అదే చాలు, చాన మందికి 1.50 కూడ చాలు, మైనస్ 1.5 మనిషికి 1.67 అంటగట్టుడు చూస్తే నాకు కోపమొస్తది, కంటికి కనిపించే తేడా కూడ రాదు దాంట్ల.

మైనస్ లెన్స్ మధ్యల పల్చగ, అంచుల మందంగ ఉంటది. అంచు ఎంత మందం అయితదో ఇంట్ల కూసొని లెక్క కట్టొచ్చు. లెన్స్ కేంద్రం నుంచి అంచు ఎంత దూరంల ఉందో మిల్లీమీటర్లల్ల తీసుకోని దాన్ని దానితోటే గుణించండి, పవర్‌తోటి గుణించండి, వచ్చినదాన్ని 2000 తోటి భాగించి, మళ్ళ ఇండెక్స్‌ల 1 తీసేసిన నంబర్‌తోటి భాగించండి. వచ్చేది మధ్య కన్నా అంచు ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కువ మందమో చెప్తది. సుమారు లెక్కే, కానీ షాపుల కాడ నిర్ణయం తీసుకునేటందుకు సరిపోతది. దాంట్ల దూరం స్క్వేర్ అయితున్నది, ఇండెక్స్ కాదు. మొత్తం కీలకం ఇక్కడనే ఉన్నది అన్నా.

ఫ్రేమ్ కాడి, అంటే చెవి మీద పెట్టుకునే పుల్ల, దాని లోపల 54-18 లెక్క రెండు నంబర్లు ఉంటయి, మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది బ్రిడ్జ్. బాబు రెండు కంటిపాపల నడుమ దూరం, అంటే పీడీ, 62 మిల్లీమీటర్లు అనుకుందాం. 54-18 ఫ్రేమ్‌ల రెండు అద్దాల మధ్యల నడుమ దూరం 54, 18 కలిపితే 72. పిల్లగాని కండ్లేమో 62 దగ్గర ఉన్నయి, కాబట్టి లెన్స్ కేంద్రాన్ని ఒక్కో కన్నుకు 5 మిల్లీమీటర్లు ముక్కు దిక్కు జరపాలె. అప్పుడు చెవి దిక్కు అంచు కేంద్రం నుంచి 27 కి 5 కలిపి 32 మిల్లీమీటర్ల దూరం అయితది. 1.50 ల లెక్క కట్టండి, 6.1 మిల్లీమీటర్లు. 1.67 ల 4.6.

ఇప్పుడు అదే పిల్లగానికి 46-18 ఫ్రేమ్ పెట్టండి. 46, 18 కలిపితే 64, జరపాల్సింది ఒక్కో దిక్కు 1 మిల్లీమీటర్, చెవి దిక్కు దూరం 24. 1.50 లనే 3.5 వస్తది. చూసిన్రా, పెద్ద ఫ్రేమ్‌ల ఖరీదైన 1.67 కన్నా చిన్న ఫ్రేమ్‌ల అన్నిటికన్నా చవకైన ప్లాస్టిక్ పల్చగున్నది. ఈ చిన్న ఫ్రేమ్‌లనే 1.60 వేస్తే 2.9, 1.67 వేస్తే 2.6. అంటే 1.60 నుంచి 1.67 కి పోతే వచ్చేది 0.3 మిల్లీమీటర్. వీటన్నిటికి మధ్యల ఉండే మందం ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు కలుపుకోవాలె, 1.50 ల అది కొంచెం ఎక్కువుంటది. ఇప్పుడు పిల్లలు పెద్ద పెద్ద చతురస్రం ఫ్రేములు అడుగుతున్నరు, వాళ్ళ ఇష్టం వాళ్ళది, కాదనను, కానీ మైనస్ 6 పిల్లగానికి గుండ్రంగ ఉన్న, పీడీకి సరిపోయే ఫ్రేమ్ పెడితే సగం సమస్య అక్కడనే తీరిపోతది. ఫుల్ ఫ్రేమ్ తీసుకుంటే అంచు ఫ్రేమ్‌ల దాగుతది, కింద సన్న దారం ఉండే సుప్రా ఫ్రేములల్ల మందం మొత్తం బయటికి కనిపిస్తది.

పెద్ద నంబర్‌తోటి వచ్చే నష్టాలు రెండున్నయి. మొదటిది రంగులు చీలుడు. గుణకం అన్ని రంగులకు ఒకటే ఉండదు, నీలానికి ఎక్కువ, ఎరుపుకు తక్కువ. కెమెరాలల్ల వాడే బీకే7 గాజుకు ఎరుపుల 1.514 ఉంటే నీలంల 1.522 ఉంటది. బుక్కుల, లెన్స్ కవర్ మీద ఉండే ఒక్క నంబర్ పసుపు కాంతికో ఆకుపచ్చ కాంతికో కొలిచింది. షాపులల్ల ఒకే మెటీరియల్‌ను ఒకాయన 1.60 అంటడు, ఇంకొకాయన 1.61 అంటడు, అవి వేరు వేరు లెన్సులు అనుకోని పరేషాన్ కాకండి. పట్టకంల తెల్ల కాంతి ఏడు రంగులైతది కదా, మైనస్ 6 లెన్స్ అంచు కూడ ఒక పట్టకమే. రంగులు ఎంత తక్కువ చీలుతయో చెప్పే నంబర్ ఇంకొకటి ఉంటది, జర్మనీల అబే అనే శాస్త్రవేత్త పేరు మీద అబే నంబర్ అంటరు, ఇది ఎంత పెద్దగుంటే అంత మంచిది. 1.50 ప్లాస్టిక్‌కు 58, 1.60 కి 41 దాకా, 1.67 కి 32 దరిదాపు, పాలీకార్బొనేట్‌కు 30. 1.67 పెట్టుకున్నోళ్ళు తల తిప్పకుండ కంటి కొసతోటి ట్యూబ్‌లైట్ చూస్తే ఒక అంచుకు నీలం, ఇంకో అంచుకు నారింజ రంగు కనిపిస్తది, కొందరు కొత్త అద్దాలు పెట్టుకోని పవర్ తప్పిచ్చిండ్రు అని వచ్చేది ఇందుకే. పవర్ సరిగ్గనే ఉంటది, మెటీరియల్ గుణం అది. క్లాస్‌ల వెనక బెంచీల కూసొని బోర్డు చూసే పిల్లగానికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది మెరుపు. కాంతి ఒక పదార్థం నుంచి ఇంకోదాంట్లకి పోయేటప్పుడు కొంత వెనక్కి కొడ్తది, గుణకం తేడా ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ. 1.50 లెన్స్‌ల ఒక్కో దిక్కు 4 శాతం, రెండు దిక్కుల కలిపి 8 శాతం కాంతి పోతది. 1.67 ల ఒక్కో దిక్కు 6.3, రెండు కలిపి 12 శాతం పైనే. రాత్రి బండి లైట్లు వెనక నుంచి పడితే అద్దంల దయ్యాల లెక్క మచ్చలు కనిపిస్తయి. అందుకే హై ఇండెక్స్ లెన్స్‌కు ఏఆర్ కోటింగ్, అంటే ఈ మెరుపు తగ్గించే పూత, తప్పనిసరి, అది లేకుండ 1.67 ఎవరన్నా ఇస్తే తీసుకోవద్దు. ఏఆర్ కోటింగ్ ఉన్న అద్దాన్ని వంచి చూస్తే సన్నగ ఆకుపచ్చనో నీలమో మెరుపు కనిపిస్తది, అట్ల చూసుకోండి. బ్లూ కట్ అని నీలి కాంతిని ఆపే ఇంకో కోటింగ్‌కు పైసలు అడుగుతరు, దానికి ఇండెక్స్‌తోటి సంబంధం లేదు, కంప్యూటర్ ముందు కండ్ల అలసట తగ్గిస్తది అనే మాటకు 2023 ల వచ్చిన కోక్రేన్ సమీక్షల, అంటే వైద్య పరిశోధనలన్ని కలిపి చూసిన రిపోర్టుల, సరైన ఆధారం దొరకలే.

ఇంకొకటి మరిచిపోవద్దు, టెన్త్ పిల్లగాడు, క్రికెట్ ఆడ్తడు, సైకిల్ మీద పోతడు. గాజు లెన్స్ అసలు పెట్టొద్దు, పగిలితే కంటికే ప్రమాదం. దెబ్బ తట్టుకునుట్ల పాలీకార్బొనేట్ అందరికన్నా గట్టిది, ట్రైవెక్స్ అనేది దానికి దగ్గర ఉంటది, దాని ఇండెక్స్ 1.53, అబే నంబర్ 43 పైన, రంగులు అంతగ చీలవు కానీ మైనస్ 6 కి కొంచెం మందం వస్తది. బాగ ఆటలాడే పిల్లగాడైతే పాలీకార్బొనేట్ వేయించండి. అంత ఆటలు లేవు, చదువే ఎక్కువ అంటే చిన్న ఫ్రేమ్‌ల ఏఆర్ కోటింగ్ ఉన్న 1.60 వేయించండి, మీ షాపుల 1.61 అన్నది అదే. నేనైతే మైనస్ 8 దాటితేనే 1.67, 1.74 ముచ్చట తీస్తా. మిగిలిన పైసలు పెట్టి కంటి డాక్టర్ దగ్గర కంట్ల మందు చుక్కలు వేయించి రెటీనా, అంటే కంటి లోపలి పొర, చూపించండి, మైనస్ 6 అంటే హై మయోపియా కిందికి వస్తది, కంటి గుడ్డు పొడుగైతే లోపలి పొర సాగి పల్చబడ్తది. అద్దం ఎంత పల్చగున్నా లోపలి పొరకు దానితోటి సంబంధం లేదు, అందుకే ఏడాదికోసారి చూపించుడు మానొద్దు. కండ్ల ముందు మెరుపులు వచ్చినయి, నల్ల చుక్కలు ఒక్కసారిగ పెరిగినయి అంటే ఆ రోజే పోవాలె.

బాబు పాఠం గురించి కూడ అడిగిండు కాబట్టి మన దిక్కు కనిపించే రెండు మూడు సంగతులు చెప్తా, పరీక్షల రాసుకునేటందుకు కూడ పనికొస్తయి. బావిల మునిగి కండ్లు తెరిస్తే అంతా మసకగ ఎందుకు కనిపిస్తది? కంటి ముందు పొర, కార్నియా, గుణకం 1.376. గాలిల ఉన్నప్పుడు 1 కి, 1.376 కి మధ్య పెద్ద తేడా, కంటి మొత్తం 60 డయాప్టర్ల (పవర్ కొలిచే యూనిట్, మైనస్ 6 కూడ దీంట్లనే) పవర్‌ల 43 దాకా అక్కడనే వస్తది. నీళ్ళల్ల 1.333 కి, 1.376 కి తేడా ఏం లేదు, ఆ పవర్ దాదాపు మొత్తం పోతది. లెన్స్ లెక్కల 1 తీసేసుడు అన్నం కదా, అక్కడ నీళ్ళుంటే తీసేయాల్సింది 1 కాదు, 1.33. ఈతకు పోయేటోళ్ళు గాగుల్స్ పెట్టుకుంటే సక్కగ కనిపించేది, కంటి ముందు మళ్ళ గాలి వచ్చింది కాబట్టి.

అదే బావిల పైనుంచి చూస్తే లోతు తక్కువ కనిపిస్తది, నిట్టనిలువుగ చూస్తే 8 ఫీట్ల నీళ్ళు 6 ఫీట్ల లెక్క కనిపిస్తయి, 8 ని 1.33 తోటి భాగించుండ్రి. ఏటవాలుగ చూస్తే ఇంకా తక్కువ కనిపిస్తది. ఎండాకాలం చెరువులల్ల, కాలువలల్ల, సాగర్ దిక్కు కృష్ణల పిల్లలు అడుగు కనిపిస్తుంది కదా అని దిగుతరు, అడుగు కనిపించిన కాడ ఉండదు. ఈత రాని పిల్లలకు ఈ పాఠం ఈ ఒక్క ఉదాహరణతోటి మొదలు పెట్టాలె అని టీచర్లను అడుగుతున్న.

నల్గొండ అంటే బత్తాయి కదా, తోటల కాడ పండు తీపి చూసేటందుకు బ్రిక్స్ మీటర్ అని చేతిల పట్టే చిన్న గొట్టం వాడతరు, దాని పేరు రిఫ్రాక్టోమీటర్, అది కొలిచేది వక్రీభవన గుణకమే. ఉత్త నీళ్ళు 1.333, నూటికి పది పాళ్ళ చక్కెర ఉంటే 1.348, ఇరవై పాళ్ళుంటే 1.364. రెండు చుక్కల రసం పట్టకం మీద వేసి మూత పెట్టి వెలుతురు దిక్కు చూస్తే సందిగ్ధ కోణం (ఇది దాటితే కాంతి అవతలికి పోక మొత్తం వెనక్కే కొడ్తది) కాడ వెలుగు నీడ గీత పడ్తది, చక్కెర ఎక్కువైతే ఆ గీత జరుగుతది, పక్కన స్కేల్ మీద తీపి నేరుగ చదువుకోవచ్చు. నాలుక మీద వేసుకోకుండనే తీపి తెలిసిపోతది. వేడికి గుణకం మారుతది కాబట్టి మంచి మీటర్లు 20 డిగ్రీలకు సరిచేసుకుంటయి, ఎండల పెట్టిన మీటర్‌తోటి కొలిస్తే లెక్క తప్పుతది.

ఎండమావి కూడ ఇదే, కానీ దాంట్ల అంకెలు ఎంత చిన్నవో చూడండి. మే నెల మధ్యాహ్నం జడ్చర్ల దిక్కు ఎన్‌హెచ్ 44 మీద పోతుంటే ముందు రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనిపిస్తది. రోడ్డుకు ఆనుకోని ఉన్న గాలి 65 డిగ్రీలు, పైన గాలి 45 డిగ్రీలు అనుకుంటే రెండింటి గుణకాల తేడా 0.000015 అంతే. అంత తేడాకే రోడ్డు మీద 0.3 డిగ్రీల వాలుల వచ్చే కాంతి వంగి మళ్ళ పైకి లేస్తది, ఆకాశం రోడ్డు మీద కనిపిస్తది. కార్ల కూసున్న మనిషి కన్ను మీటర్ పైన ఎత్తుల ఉంటది కాబట్టి 200 మీటర్ల అవతలనే అది కనిపిస్తది, దగ్గరికి పోతుంటే అది కూడ ముందుకు జరుగుతున్నట్టు ఉంటది. ఐదో స్థానంల ఉన్న అంకె ఇంత పని చేస్తుంటే 1.50 కి, 1.67 కి తేడా ఎంత పెద్దదో బాబుకు అర్థమైతది.

ఇంట్ల చేసి చూసే ప్రయోగం ఒకటుంది. స్కూల్ ల్యాబ్‌ల ఉండే బోరోసిలికేట్ టెస్ట్ ట్యూబ్ గుణకం 1.47, మెడికల్ షాపుల దొరికే గ్లిజరిన్ కూడ 1.47. గ్లాసుల గ్లిజరిన్ పోసి ట్యూబ్ లోపల కూడ గ్లిజరిన్ నింపి ముంచితే ట్యూబ్ కంటికి కనిపించకుండ పోతది, రెండింట్ల స్పీడు ఒకటే కాబట్టి కాంతి వంగదు, వెనక్కి కొట్టదు. గ్లిజరిన్ దొరక్కపోతే ఆముదం వాడండి, దానిది 1.48, మన పాలమూరు, నల్గొండ జిల్లాలల్ల ఆముదాలకు కరువు లేదు. పూర్తిగ మాయం కాకుండ సన్న గీత మిగులుతది, ఆ గీతనే ఆ 0.01 తేడా. నీళ్ళల్ల ముంచితే ట్యూబ్ సక్కగ కనిపిస్తది, పక్కపక్కన పెట్టి చూపిస్తే క్లాస్ అంతా నోరెళ్ళబెడ్తది.

ఇగ లెన్స్ తీసుకునేటప్పుడు లెన్స్ వచ్చిన కాయితం కవర్ అడిగి తీసుకోండి, దాని మీద పవర్, ఇండెక్స్, కోటింగ్ రాసి ఉంటయి, షాపుల పవర్ కొలిచే మిషన్, లెన్సోమీటర్, పవర్‌నే చూపెట్టుద్ది, ఇండెక్స్ ఎంతో చెప్పదు, కాబట్టి ఆ కవరే మీకు రుజువు. పీడీ నోటి లెక్కన కాకుండ కొలిచి చీటీ మీద రాయమనండి. బాబు పీడీ, మీకు నచ్చిన ఫ్రేమ్ కాడి లోపల ఉన్న రెండు నంబర్లు ఇక్కడ రాయండి అన్నా, సిలిండర్ పవర్ ఉంటే అది కూడ, మూడు మెటీరియల్స్‌ల అంచు ఎంత వస్తదో లెక్క కట్టి చెప్తా.